అత్త భుజం మీద నా చెయ్యి

నమోదు 1

ఎండకు ఒళ్లు కాలకుండా ఇంకొకరికి పూత వేసే ప్రతి మనిషీ రోజూ జరిగింది వెంట ఉంచుకునే రికార్డు పెట్టెలో చెప్పి నమోదు చేయాలని ఈ ఉప్పుకాలం నుంచి కమిటీ కొత్తగా పెట్టింది. నా పేరు మీరాబీ. ఊరంతా కప్పిన ఇసకపేట పందిరి కింద, దానికి వేసే నీడగుడ్డలు కుట్టే పని నాది. నేను కుట్టినవాటిని సాయంత్రం పొద్దువాలాక మా ఆయన సైదులు స్తంభాలెక్కి బిగిస్తాడు. నేను పూత వేసేది మా అత్త ఖాసింబీకి.

తన వీపు తనే పూసుకోగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు కాబట్టి పందిరి దాటి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఇంకొకరి చెయ్యి కావాలి. అత్త చేతుల్లేని రవికతో, పైట నడుముకు దోపి ఉప్పు మడుల్లో పనిచేస్తుంది. పొద్దున్నే ఆమె ముక్కాలిపీట మీద నాకు వీపు చూపించి కూర్చుంటుంది. నేను మెడ, భుజాలు, రవిక అంచుల దాకా వీపు పూస్తాను. ముఖం, చేతులు, పాదాలు ఆమె పూసుకుంటుంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఎదుట నోరు పెగిలేది కాదు. ఆమె కూడా పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పూత మొదలుపెట్టాకే మా ఇద్దరికీ మాటలు వచ్చాయి. మొహాలు ఎదురుగా లేకపోతే మాట్లాడటం తేలికేమో. కందిపప్పులో ఉప్పెంత వెయ్యాలో దగ్గర నుంచి మా మామ ఎలా పోయాడో దాకా అన్నీ నేను ఆమె వీపు చూస్తూనే విన్నాను.

ఈ రోజు సమస్య ఒకటే. అత్తను పందిరి ద్వారం దగ్గర నుంచి వెనక్కి పంపేశారు. అక్కడ ఊదారంగు అద్దం ఉంటుంది. దాని ముందు నిలబడితే పూత ఉన్న చోట ఒళ్లు బొగ్గులా నల్లగా, లేని చోట పాలిపోయి కనిపిస్తుంది. అత్త చెవులు, బుగ్గలు, పాదాలు అన్నీ పాలిపోయే ఉన్నాయట. ద్వారం చూసుకునే మాలకొండయ్య బాబాయ్ మొహమాటంగానే వెనక్కి పొమ్మన్నాడట.

నమోదు 2

అత్త పూతను ఎందుకు ఎగ్గొడుతోందో ఇవాళ తెలిసింది. వాసన. ఈసారి వచ్చిన పూత చేపనూనెలో రబ్బరు నానబెట్టినట్టు కంపు కొడుతోంది. ముఖానికి పూసుకోగానే అత్తకు కడుపులో తిప్పుతోంది. అందుకే ద్వారం దాటే వరకు ఏదో పులుముకుంటోంది. పని మధ్యలో చెమట పట్టాక మళ్లీ పూసుకోవాలి గదా, ఆ సంగతే మానేసింది.

నేను గట్టిగానే అడిగాను. ఆమె ఎండను తిట్టింది. నేను పుట్టకముందు ఎండలు భరించలేక పైన ఆకాశంలోకి ఏదో పొడి చల్లారు. వేడి తగ్గింది గానీ ఆకాశం పలుచబడింది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా గాలి చల్లగానే తగులుతుంది, ఒళ్లు కాలిన సంగతి రాత్రికో మర్నాటికో గానీ తెలియదు. మబ్బు పట్టినా అంతే. వేడి ఎండలను చూసినవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

"అప్పుడు ఎండ చెప్పి కొట్టేది. ఇప్పుడు చెప్పకండా కొడతా ఉంది. దొంగముండ ఎండ," అంది అత్త.

నల్లటి ఒంటికి పూతెందుకు అని కూడా అంది. నల్లటి ఒళ్లు కాలినా ఎర్రగా కనపడదు, అంతే తేడా అన్నాను. ఆమె పూత డబ్బా పక్కకు నెట్టింది. 

నమోదు 3

మా గుమ్మం పక్కన తొట్టిలో నిమ్మచెట్టు ఉంది. ఈ ఏడు విరగకాసింది. తొక్కలు పిండి నూనె తీశాను. పొద్దున పూత వేసేముందు అరచేతికి కాస్త నూనె రాసుకుని, ఆ చెయ్యి అత్త ఎడమ భుజం మీద ఆనించి, కుడిచేత్తో పూత మొదలుపెట్టాను. నాకు అలా ఆనించి పూయడమే అలవాటు.

అత్త ముక్కు ఎగబీల్చింది. ఏంది ఇది అని అడిగింది. నిమ్మ అన్నాను.  తర్వాత ముఖానికి రెండు వేళ్ల పొడవునా పూత తీసుకుని, ఆమె అంతట ఆమే చెవుల వెనక కూడా పూసుకుంది.

మాలకొండయ్య బాబాయ్ అద్దంలో చూసి, ఖాసింబక్కా, ఇయాళ కాకిపిల్ల మాదిరుండావే అన్నాడట. సాయంత్రం ఆ మాట మూడుసార్లు చెప్పి నవ్వుకుంది.

నమోదు 4

అత్త మడికి తీసుకుపోయే చిన్న డబ్బాలో కూడా నిమ్మనూనె కలిపి ఇచ్చాను. ఇప్పుడు చెమట పట్టినప్పుడల్లా తీసి పూసుకుంటోందట. పక్కమడి ఆడవాళ్లు వాసన చూపించమని అడుగుతున్నారట. మా కోడలు చేసిచ్చింది అని చెప్పిందట. ఈ మాట ఆమె నాతో చెప్పలేదు, నీళ్ల దగ్గర వేరేవాళ్లు చెప్పారు.

నాకు ఎంత సంతోషంగా ఉందో ఇక్కడ చెప్పవచ్చో లేదో తెలియదు. కమిటీవాళ్లు విన్నా విననీ.

నమోదు 5

అత్త ముంజేతుల మీద ఎర్రటి చారలు వచ్చాయి. ఉప్పునీళ్లు చిమ్మితే అలాగే అవుతుందిలే అంది. మెడ మీద కూడా ఎర్రగా ఉంది. మెడకు పూసేది నేను గదా, ఎక్కడో వదిలేస్తున్నానన్నమాట. ఇవాళ మరింత దట్టంగా పూశాను. వదిలిన చోటు ఉండకూడదని ఒకటికి రెండుసార్లు తడిమి చూశాను.

పూస్తున్నప్పుడు ఆమె భుజం ఒకసారి ముడుచుకుంది. నొప్పిగా ఉందా అంటే చల్లగా ఉంది అంది.

నమోదు 6

చారలు బొబ్బలయ్యాయి. అత్త రాత్రి గోడకు ఆనుకోలేక ముందుకు వంగి కూర్చునే కునికిందని సైదులు చెప్పాడు. ఇవాళ పనికి వెళ్లొద్దన్నాను. మడిలో ఉప్పు పేరుకునే అదను ఇదే, ఇప్పుడు దిగకపోతే అంతా మళ్లీ కరిగిపోతుంది అంది. ఎవరూ దిగని మడిని కమిటీ వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. ఆ మడి మా మామ తవ్వింది.

 నా చేతుల్లోనే ఏదో లోపం ఉంది. ఇన్నేళ్లుగా పూస్తున్నాను, ఒక్కనాడూ ఇలా కాలేదు. నూనె కూడా ఎక్కువ రాసుకున్నాను, ఆమెకు ఆ వాసనైనా హాయిగా ఉంటుందని.

నమోదు 7

ఇవాళ మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. వరసగా చెప్తాను.

మధ్యాహ్నం పని ఆపి అత్త అన్నానికి వచ్చింది. కంచం ముందు వంగినప్పుడు పైట జారింది. సైదులు ఆమె ఎడమ భుజం చూశాడు. పొద్దున నా చెయ్యి కింద ఉత్త ఎరుపుగానే కనిపించిన చోట, ఇప్పుడు నల్లగా కమిలి, ఒక మచ్చ. మామూలు మచ్చ కాదు. నాలుగు వేళ్లు, బొటనవేలు, అరచెయ్యి. ఎవరో బలంగా పట్టుకున్నట్టు, కొట్టినట్టు.

ఎవరు కొట్టారు అని అడిగాడు. అత్త పైట సర్దుకుని ఎవరూ కొట్టలేదంది. మళ్లీ అడిగాడు. ఆమె అన్నం కలుపుకుంటూ కూర్చుంది. మడుల మేస్త్రికీ ఆమెకూ గట్టు విషయంలో మాటామాటా వచ్చిందని అందరికీ తెలుసు. సైదులు కంచం ముందు నుంచి లేచి అలాగే వెళ్లిపోయాడు. కోపం వస్తే అరిచే మనిషి కాదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

అత్త నావైపు చూసి, ఆపు వాణ్ణి, అంది. ఎవరు చేశారో చెప్పమని నేనూ అడిగాను. చెప్పలేదు. దగ్గరకు వెళ్లి పైట తొలగించి చూశాను. ఎందుకు అలా చేశానో నాకే తెలియదు, నా ఎడమచెయ్యి తీసి ఆ మచ్చ మీద పెట్టాను.

సరిగ్గా సరిపోయింది. వంకర తిరిగిన నా చిటికెనవేలు కూడా.

పరుగెత్తాను. మేస్త్రి మడుల్లో ఉన్నాడు, పూత లేని మనిషిని మాలకొండయ్య బాబాయ్ ద్వారం దాటనివ్వడు. సైదులు అక్కడే చిక్కుపడిపోయాడు. అడ్డం తియ్యమంటున్నాడు. కొట్టుకునే పనైనా సరే, ఒంటికి పూసుకుని పోయి కొట్టుకో అంటున్నాడు బాబాయ్. నేను సైదులు చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నాదే అన్నాను. అతనికి అర్థం కాలేదు. మీ అమ్మ భుజం మీద ఉన్నది నా చెయ్యే అని మళ్లీ చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. నేను కొట్టలేదు, ఎలా జరిగిందో నాకూ తెలియదు అన్నాను.

సైదులు నా చేతిని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఇంటికి నడిచాడు.

నమోదు 8

అత్తను వైద్యశాలకు తీసుకెళ్లాం. చర్మం డాక్టరు సౌదామిని గారు బొబ్బలు చూశారు, చేతి గుర్తు చూశారు, ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అని నెమ్మదిగా అడిగారు. లేదంది అత్త. పూతలో ఏమైనా కలిపారా, నిమ్మజాతి కాయలేవైనా ముట్టుకున్నారా అని అడిగారు.

"నేనే. నిమ్మకాయలు పిండి చేతులు కడుక్కోకండా ఎండలోకి పోయినా," అంది అత్త.

నేను తలెత్తి చూశాను. అంత అబద్ధం అంత తేలిగ్గా ఆడగలదని నాకు తెలియదు. నిమ్మనూనె కలిపింది నేనని చెప్పాను. తొక్కల నుంచి తీశానని, అరచేతికి రాసుకుని భుజం మీద ఆనించేదాన్నని, డబ్బాలో కూడా కలిపానని, అంతా చెప్పాను.

డాక్టరు గారు కోప్పడలేదు. నిమ్మతొక్కలో ఉండే నూనె ఒంటికి తగిలి, దాని మీద ఎండ పడితే చర్మం కాలుతుందట. నూనె తగిలిన చోట తగిలినట్టే గుర్తు పడుతుందట. నా చేతికి నూనె ఎక్కువగా ఉండేది మొదట ఆనించినప్పుడే, అందుకే అక్కడ చెయ్యి అచ్చుపడింది. నా చేతికి ఏమీ కాలేదెందుకంటే నేను రోజంతా నీడలో ఉంటాను. అదొక్కటే కాదు, వేరే నూనె కలిసేసరికి పూత విరిగిపోయి ఒంటిని సరిగ్గా అంటుకోదట. అద్దంలో నల్లగా కనిపించినా కాసేపటికే పట్టు పోతుందట. డబ్బాలోకి వేరే ఏదీ కలపకూడదు, వాసన పడకపోతే వచ్చి చెప్పాలి, వాసన లేని పూత ఉంటుంది అన్నారు. చెప్తే అయిపోయేది. ఇంత చిన్న సంగతి.

నయమయ్యేదాకా అత్త పందిరి దాటకూడదని నీడచీటీ రాసిచ్చారు.

ఇంటికి వచ్చేటప్పుడు దారిలో అత్తను అడిగాను, నిమ్మ వల్లేనని నీకు ముందే తెలుసా అని. 

"అది తగిలిన కాడే మండతా ఉంటే తెలవదా మే."

మరెందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే భయపడి ఇంక చెయ్యి వెయ్యవేమో అనుకున్నా. మీ మావ పొయినాక నన్ను ముట్టుకునేది నువ్వొక్కదానివే గదా."



నమోదు 9

మడిలోకి నేను దిగుతానన్నాను. సైదులు వద్దన్నాడు. నేను పందిరి కింద పుట్టాను, పందిరి కింద పెరిగాను, ఒక పందిరి నుంచి ఇంకో పందిరికి కోడలిగా వచ్చినప్పుడు కూడా పొద్దు గూకాకే మూసిన బండిలో వచ్చాను. పగటి ఆకాశం కింద నిలబడింది ఒక్కనాడూ లేదు. అత్త మాత్రం వద్దనలేదు. నీళ్లలో కాళ్లు ఎట్టా పెట్టాలో చెప్తా, అంది.

డాక్టరు గారు ఇద్దరికీ కొత్త పూత ఇచ్చారు. తెల్లగా, చిక్కగా ఉంటుంది, వాసన లేదు. వెంటనే ఒళ్లంతా పూసుకోవద్దన్నారు. మోచేతి లోపలివైపు కాస్త రాసి, కొన్ని రోజులు అదే చోట రాస్తూ చూడమన్నారు. అత్తకు పుండ్లు లేని చోట రాశాను. ఆ రోజులన్నీ మడి చూసిపెట్టమని పక్కవాళ్లను సైదులు బతిమాలాడు. మేస్త్రిని కూడా అడిగాడు. ఆయన సరేనన్నాడు. తనను కొట్టడానికి బయల్దేరాడన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు.

దురద లేదు, ఎరుపు లేదు. ఇద్దరికీ.

నమోదు 10

ఇవాళ ముక్కాలిపీట మీద నేను కూర్చున్నాను. అత్త నా వెనక నిలబడింది.

ఆమె వేళ్లు ఇంత గరుకుగా ఉంటాయని తెలియదు. ఉప్పు పగిల్చిన వేళ్లు. మెడ దగ్గర జుట్టు పైకి ఎత్తి పట్టి, జుట్టు మొదళ్ల దాకా పూసింది. చెవుల మీద, చెవుల వెనక, రవిక అంచు కిందకు జరిపి అక్కడ కూడా. ముఖానికి నన్నే పూసుకోమంది, కంట్లో పడకుండా. పెదాలకు పూసుకునేది వేరే ఉంటుంది, అది తనే రాసింది. పూత ఒంటికి పట్టేదాకా కూర్చోబెట్టింది. ఆపైన నిండుచేతుల చొక్కా తొడిగించి, వెడల్పు అంచు తాటాకు టోపీ గడ్డం కింద కట్టి, పూత కాపాడుతుందని ధీమా పెట్టుకోవద్దు, ముందు గుడ్డ, ముందు నీడ, మిగిలిన చోటికే పూత అంది. ఈమేనా పూత ఎగ్గొట్టిన మనిషి అనుకున్నాను.

మాలకొండయ్య బాబాయ్ అద్దంలో నన్ను చూశాడు. ఎక్కడా పాలిపోయిన చోటు లేదు. అడ్డం తీశాడు.

పైన ఏమీ లేదు. అదే మొదట తెలిసింది. గుడ్డ లేదు, స్తంభం లేదు, కుట్టు లేదు. తల ఎత్తితే పడిపోతానేమో అనిపించి ద్వారం కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. వెనకాల క్యూలో ఉన్నవాళ్లు పక్క నుంచి దాటి వెళ్లారు.

మా మడి పందిరి అంచుకు దగ్గరే. అత్త నీడ చివర దాకా వచ్చి నిలబడింది. నీడలో నుంచి బొటనవేలు కూడా బయటపెట్టకుండా, అక్కడి నుంచే పిలిచింది.

"పైకి చూడబాక మే. నా గొంతు విను. కింద ఉప్పు చూసుకుంటా రా."

ఆ గొంతు పట్టుకునే నడిచాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఉప్పు లాగే చెక్కను ఎలా ఏటవాలుగా పట్టాలో, బురద లేవకుండా పైపైన ఎలా గీకాలో చెప్తూనే ఉంది. నేను లాగిన మొదటి కుప్ప సగం ఉప్పు, సగం మట్టి. అత్త నీడలో నిలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు.

చెమట పట్టాక పిలిచి మళ్లీ పూసింది. పొద్దు నడినెత్తికి రాకముందే ఇంటికి రమ్మంది.

నమోదు 11

ద్వారం దగ్గర నిలబడి జరిగింది అందరికీ చెప్పమని కమిటీ అడిగింది. నాకు సిగ్గేసింది, కానీ చెప్పాను. చెప్పాక ఒకామె తన డబ్బాలో కొబ్బరినూనె కలుపుతున్నానంది, ఇంకొకామె పూత త్వరగా అయిపోతోందని నీళ్లు కలుపుతోందట. మడి గట్టు మీద ఎండలో పెట్టిన డబ్బాలు లోపల విరిగిపోతున్నాయని కూడా తేలింది. ఇకమీదట డబ్బాలను గట్టు మీది తాటాకు గుడిసెలో తడిగోనె కింద పెట్టాలని అనుకున్నారు. పసిబిడ్డ తల్లి ఒకామె బిడ్డకు కూడా రాయవచ్చా అని అడిగితే, అక్కడికి వచ్చిన డాక్టరు గారు అంత చిన్న బిడ్డకు పూత వద్దు, నీడలోనే ఉంచమన్నారు.

నిమ్మనూనె సీసా సైదులు పారబోయబోతే అత్త ఆపింది. పొయ్యిగట్టు తుడవడానికి పనికొస్తుందట.

నమోదు 12

అత్త పుండ్లు మానాయి. చారలు ఇంకా ఉన్నాయి, భుజం మీద నా చెయ్యి కూడా పలచగా ఉంది. పోవడానికి చాలాకాలం పడుతుందన్నారు డాక్టరు గారు. ఇవాళ నీడచీటీ వెనక్కి తీసుకున్నారు.

నేను ఆమెకు, ఆమె నాకు పూసుకున్నాం. పొద్దు ఏటవాలుగా ఉండగానే ఇద్దరం మడిలోకి దిగాం. నేను లాగితే ఆమె కుప్ప చేసింది. నా ఉప్పులో మట్టి ఇప్పటికీ కాస్త ఉంటోంది, ఆమె వేరు చేస్తోంది. చెమట తుడుచుకున్నాక మళ్లీ పూసుకున్నాం. ఎండ నెత్తి మీదికి వస్తుండగా గట్టు మీది తాటాకు గుడిసెలోకి వచ్చి పాదాలు కడుక్కుని అన్నం తిన్నాం.

ఇన్నాళ్లు ఇంట్లో కూర్చున్న ఒళ్లు కదా, తినగానే అత్త అక్కడే చాప మీద ఒరిగి నిద్రపోయింది. గోడ వైపు తిరిగి, ఎడమ భుజం మీదే. అక్కడ ఇప్పుడు నొప్పి లేదన్నమాట.

ఇది చెప్తూ ఉండగా పొద్దు పడమటికి వాలింది. ఎండ ఏటవాలుగా గుడిసె గుమ్మంలోకి వచ్చి, అత్త పాదాలు రెండూ ఎండలో పడ్డాయి. నీళ్లలో పూతంతా పోయిన పాదాలు. లేపుదామనుకున్నాను. ఇంత ఆదమరిచి నిద్రపోవడం ఈ మధ్య చూడలేదు.

లేపలేదు. మళ్లీ పూత పూసుకుని, టోపీ గట్టిగా కట్టుకుని, గుడిసె బయట గట్టు మీద కూర్చున్నాను. అటూ ఇటూ జరిగి చూసుకున్నాను. ఇప్పుడు నా నీడ సరిగ్గా ఆమె పాదాల మీద పడుతోంది.